ఎర్ర బారన్ కప్పులు, నిజాం విమానాలు

గచ్చిబౌలి నుంచి జర్మనీ రావాలనుకునేవాళ్లు బ్లూకార్డు, పన్నుల సంగతులయ్యాక ఇక్కడి యుద్ధాల గురించీ అడుగుతుంటారు. అందుకని 2008 నాటి ‘ద రెడ్ బారన్’ సినిమా చూస్తే మాత్రం దారి తప్పుతారు. అందులో ‘రెడ్ బారన్’గా పేరుపడ్డ మొదటి ప్రపంచ యుద్ధపు జర్మన్ పైలట్ మాన్‌ఫ్రెడ్ ఫాన్ రిష్ట్‌హోఫెన్, కెనడా పైలట్ రాయ్ బ్రౌన్ సరిజోడీలు. నేలమీద కలిసి కబుర్లు కూడా చెప్పుకుంటారు. ఆ కలయిక కల్పన. రిష్ట్‌హోఫెన్ పేరనున్న 80 విజయాల్లో చాలావరకు ఫొటోలు తీయడానికో, ఫిరంగులకు గురి చూపడానికో వచ్చిన నిదానపు రెండు సీట్ల విమానాలే. కూల్చిన ఒక్కోదానికీ తేదీ చెక్కించి చిన్న వెండి కప్పు చేయించుకున్నాడు. 60 అయ్యాక, యుద్ధం దెబ్బకు వెండి దొరక్క ఆ ముచ్చట ఆగింది. 1918 ఏప్రిల్ 21న ఆయన్ని చంపిన తూటా కూడా బ్రౌన్‌ది కాదనీ, నేలమీది ఆస్ట్రేలియన్ మెషిన్‌గన్‌దనీ ఇప్పుడు ఎక్కువమంది చరిత్రకారుల అభిప్రాయం.

గాలిలో జయాపజయాలను వీరుల తెగువ కన్నా ఫ్యాక్టరీలూ ఖజానాలే ఎక్కువ తేల్చాయి. అందుకు సాక్ష్యం మన దగ్గరే ఉంది. బ్రిటిష్ 110వ స్క్వాడ్రన్‌కు మొదటి డీహెచ్-9ఏ విమానాలన్నీ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కానుక. ప్రతిదాని మీదా ఆయన పేరు రాసి ఉండేది. నిజాం ఖజానాకు పెద్ద ఆదరువు భూమిశిస్తు, అంటే తెలంగాణ, మరాఠ్వాడా రైతుల చెమట. ఆ విమానాలు 1918 సెప్టెంబరులో ఫ్రాన్స్ చేరి, ఇవాళ మనవాళ్లు ఇళ్లు వెతుక్కునే ఫ్రాంక్‌ఫర్ట్ మీద పట్టపగలు బాంబులు వేశాయి. వాటిలో ఎఫ్1010 అన్నది అక్టోబరు 5న జర్మన్ల చేతికి చిక్కింది. బెర్లిన్‌లో ప్రదర్శనకెక్కి, తర్వాత పోలండ్ చేరి, చివరికి లండన్ ఆర్ఏఎఫ్ మ్యూజియంలో నిలిచింది. ఇందులో ద్వంద్వయుద్ధం ఎక్కడుంది?

వీరమర్యాద ఉత్తదేనా అంటే, కాదు. రిష్ట్‌హోఫెన్‌ను శత్రువులే సైనిక లాంఛనాలతో పాతిపెట్టారు. అయితే అది చచ్చినవాడికి దక్కిన మర్యాద. బతికున్న సొంత పైలట్లకు బ్రిటన్ యుద్ధం ముగిసేదాకా పారాచూట్లే ఇవ్వలేదు! సినిమాను సినిమాగా చూడొచ్చు కదా అంటారా, ఈ దేశంలో ఆ కథ తెరమీదే ఆగలేదు. రిష్ట్‌హోఫెన్ దళానికి చివరి నాయకుడు, తర్వాత నాజీ నేత అయిన హెర్మన్ గోరింగ్. 1935లో నాజీలు కొత్త దళానికి రిష్ట్‌హోఫెన్ పేరే పెట్టుకున్నారు. నేటి జర్మన్ వైమానిక దళం 2005లో నాజీ కాలపు పైలట్ వెర్నర్ మోల్డర్స్ పేరును ఒక దళం నుంచి తీసేసింది, స్పెయిన్ అంతర్యుద్ధంలో ఆయన ఫ్రాంకో పక్షాన పోరాడాడని. విట్‌మండ్‌లోని దళానికి రిష్ట్‌హోఫెన్ పేరు మాత్రం అలాగే ఉంచింది.