వకీలు సాబ్ దఫ్తరులో మన అమానత్

చాలా ముస్లిం ఇళ్లలో ఇనప సందూక్ అడుగున ఒక గుడ్డ మూట ఉంటుంది. అందులో తాతల నాటి ఖరీదునామా, హిబానామా, ఏదో డిక్రీ నకలు. అన్నీ ఉర్దూ రాతలో. ఇంట్లో చదవగలిగిన వాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. తగాదా వచ్చిన రోజు ఆ మూట పట్టుకుని వకీలు దఫ్తరుకి వెళ్తాం. బల్ల మీద పెట్టి "మీరే చూడండి సాబ్" అంటాం. రసీదు అడగం. ఈ భరోసా ఎక్కడి నుంచి వచ్చింది?

వకీల్ అరబీ మాట. ఒకరి పనిని తన జిమ్మాగా తీసుకుని చేసేవాడని మతలబ్. అల్లాహ్ పేర్లలో అల్-వకీల్ ఒకటి. ఫిఖ్‌లో వకాలత్‌కి ఏకంగా ఒక బాబ్ ఉంది. అక్కడి ఉసూల్ ప్రకారం వకీల్ అమీన్. అప్పగించింది అతని చేతిలో అమానత్ మాత్రమే. ఆ మాటే తెలుగులో వకాల్తా అయింది. దావా, జామీను, జప్తు, నకలు ఆ వెంటే వచ్చాయి.

నిజాం రియాసత్‌లో అదాలత్ జబాన్ మొదట ఫారసీ. 1880వ దశకంలో ఆ జాగాలోకి ఉర్దూ వచ్చింది. 1918లో మొదలైన ఉస్మానియా యూనివర్సిటీ కానూన్‌ని కూడా ఉర్దూలోనే నేర్పింది. దారుత్తర్జుమా అందుకు కితాబులు తయారుచేసింది. 1920లో మూసీ ఒడ్డున హైకోర్టు ఇమారత్ లేచింది. మనం ఫఖర్‌గా చెప్పుకునే తారీఖ్ ఇది.

ఇంకో సగం కూడా చెప్పుకోవాలి. రియాసత్‌లో ఎక్కువమంది తెలుగు, మరాఠీ, కన్నడం మాట్లాడేవాళ్లు. నల్గొండ రైతుకి తన దావాలో ఏం రాశారో తెలిసేది కాదు. ఇంట్లో ఉర్దూ మాట్లాడే ముస్లిం కూలీకి కూడా చదవడం రాకపోతే అదే హాలత్. ఒక్క లఫ్జ్ చూడండి. ఉర్దూలో ముద్దయీ అంటే దావా వేసినవాడు. తెలుగులోకి వచ్చేసరికి ముద్దాయి అంటే నేరం మోపబడినవాడు! మాటే ఇలా తలకిందులయ్యే చోట, చదువురాని మనిషి వేసిన వేలిముద్రకి వకీలు ఈమానే దిక్కు.

1921లో హైదరాబాద్‌లో ఒక సభలో అల్లంపల్లి వెంకటరామారావు అనే వకీలు తెలుగులో మాట్లాడబోతే గేలి చేశారు. ఆ అవమానంలోంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. తెలుగు కోసం నిలబడిన మాడపాటి హనుమంతరావు, బూర్గుల రామకృష్ణారావు ఇద్దరూ ఆ ఉర్దూ అదాలత్‌లో వకాలత్ చేసినవాళ్లే. రెండు జబాన్ల మధ్య పుల్‌లా నిలబడటం ఆనాటి మంచి వకీలు పని. కాగితం చదివి, రైతు భాషలో సమ్‌ఝాయించి, ఆ తర్వాతే నిషాని వేయించుకునే దఫ్తరుకి తాత తర్వాత కొడుకు, మనవడు వచ్చేవారు. ఖాందానీ వకీల్ అనే మాటకి అసలు అర్థం అదే.

1948 తర్వాత అదాలత్‌లో ఇంగ్లీషు పెరిగింది, ఉర్దూ తగ్గింది. 1961 అడ్వొకేట్ల చట్టం వకీలు, ప్లీడరు, ముఖ్తారు అనే పాత తేడాలు తీసేసి అందరినీ అడ్వొకేట్లని చేసింది. అమానత్ మాత్రం చట్టంలోకి ఎక్కింది. బోర్డు మీద ఎన్ని పేర్లున్నా, దఫ్తరు ఎంత పాతదైనా బార్ కౌన్సిల్ ఖాయిదాలు ప్రతి అడ్వొకేటుకీ లాగూ అవుతాయి. గెలిస్తే ఇంత వాటా అని ఫీజు మాట్లాడుకోకూడదు. మనకి సలహా ఇచ్చినవాడు అదే కేసులో ఎదుటివాళ్ల తరఫున నిలబడకూడదు. మన సొమ్ముకి హిసాబ్ ఉంచాలి. మనం చెప్పిన రాజ్ బయటపెట్టకూడదు. ఈ చివరిది 1872 సాక్ష్య చట్టంలోనే ఉంది, 2024 జూలై నుంచి అమలైన కొత్త చట్టంలోనూ ఉంది. ఫీజు బాకీ ఉందని మిసిల్ పట్టి ఉంచుకునే హక్కు వకీలుకి లేదని సుప్రీంకోర్టు 2000లో ఆర్.డి. సక్సేనా కేసులో ఫైసలా ఇచ్చింది. ఖాయిదా తప్పితే రాష్ట్ర బార్ కౌన్సిల్‌కి ఫిర్యాదు చేయవచ్చు.

మన హాలత్ పెద్దగా మారలేదు. నాడు ఉర్దూ రాని రైతు, నేడు ఇంగ్లీషు రాని అమ్మీజాన్. ఖులా, మెహర్, విరాసత్ కాగితాల మీద చదవకుండానే దస్తఖత్ పెడుతున్నాం. అడిగితే వకీలు సాబ్‌కి బురా లగ్‌తుందేమోనని సంకోచం. అడగండి. "ఇందులో ఏం రాశారో మా మాటల్లో చెప్పండి" అనండి. అసలు కాగజాత్ ఇస్తే రసీదు తీసుకోండి, ఒక నకలు ఇంట్లో ఉంచండి. ఖర్చు పెట్టుకోలేని ఆడవాళ్లకి, సంపాదన ఎంతైనా సరే, జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ముఫ్త్‌గా వకీలుని అడిగే హక్కు ఉంది.

నిజమైన ఖాందానీ దఫ్తరు ఈ సవాళ్లకి నారాజ్ కాదు. అమానత్ తీసుకున్నవాడిని అమానత్ గురించి అడగడం బేఅదబీ కాదని దానికి తెలుసు.