అటకమీది నీళ్లతొట్టి

ఇంగ్లండులో పాతయిండ్లయందు కాపురముండువారు గడ్డుచలికంటె ఆ చలి సడలుటకే యెక్కువగా వెఱతురు. గొట్టములో గడ్డకట్టిన నీరు దానిని చీల్చియు, ఆ చీలికకు తానే బిరడాయై, దినములకొలది చప్పుడు లేక పడియుండును. పడమటిగాలి తిరిగి మంచు కరగనారంభించినంతనే పడకగది పైకప్పు తడిసి బరువెక్కి, సున్నపు పెచ్చులతో సహా మంచముమీదికి దిగివచ్చును. చలిదేశము గదా, ఇది సహజమే యని మనవారనుకొందురు. కాని ఈ దేశపు శీతకాలము సాధారణముగా సౌమ్యమే. ఇంతకు మిక్కుటముగా గడ్డకట్టు దేశములవారు గొట్టములను ఇంటి నడుమ వెచ్చనిచోట దాచుకొనగా, వీరు అటకమీదను వెలిగోడలమీదను ఏల పెట్టుకొనిరో తెలియవలెనన్న, వాతావరణశాస్త్రముకంటె చరిత్రగ్రంథములు విప్పుట మేలు.

1613లో హ్యూ మిడిల్టన్ హర్ట్‌ఫర్డ్‌షైరు ఊటలనుండి ‘న్యూ రివర్’ అను కాలువను లండను పొలిమేరకు తెచ్చి, బోలుగా తొలిచిన ఎల్ము మ్రాకులగుండ నగరమునకు నీరు పంచెను. అట్లు వర్తకవస్తువైన నీటిని ప్రైవేటు కంపెనీలు పందొమ్మిదవ శతాబ్దియందు సైతము దినమునకు ఏ కొన్నిగంటలో మాత్రమే వదలుచుండగా, కలిగినవారు ఇంటింట తొట్టి కట్టించుకొనిరి. లేనివారు వీధికొళాయికడ వంతు కాచిరి. మునిసిపల్ నీటికై తెల్లవారకమున్నే బిందెలు వరుసపెట్టు మనకు దీనిని విడమరచి చెప్పనక్కరలేదు. 1852, 1871 సంవత్సరముల శాసనములు నిరంతర సరఫరాను సంకల్పించినను కంపెనీలు తొందరపడలేదు. 1902 శాసనముచే ఏర్పడిన మెట్రోపాలిటన్ వాటర్ బోర్డు 1904లో వాని పనిని తన చేతిలోనికి తీసికొనుసరికి, ఏ యెద్దడికై తొట్టి పుట్టినదో ఆ యెద్దడి చాలవరకు తీరెను గాని, వేడినీటి బాయిలరునకు నీరందించు క్రొత్తకొలువు దొరకుటచే తొట్టి అటక దిగలేదు.

వెలిగోడమీది మురుగుగొట్టములకు మూలము ఎద్దడి గాదు, భీతి. 1871 చివర విక్టోరియా రాణి జ్యేష్ఠపుత్రుడు టైఫాయిడుచే మరణముఖము చూచి వచ్చినపుడు, మురుగునుండి లేచు దుర్వాయువే యా జ్వరమునకు హేతువని నమ్మిన జనులు ఆ గొట్టములను ఇంటిలోపలనుండి బహిష్కరించుటకు ఉద్యమించిరి. స్థానిక నిబంధనలును క్రమముగా అట్లే శాసించెను. ఫలితమేమనగా, సరిగా బిగియని కొళాయినుండి జారు చుక్కలు చలిరాత్రి ఆ గొట్టములో ఒకదానిపై నొకటి పేరుకొని, తెల్లవారుసరికి దానిని మూసివైచును.

నీరు గడ్డకట్టునపుడు పరిమాణమున రమారమి నూటికి తొమ్మిదివంతులు పెరుగును. అయితే మంచు ఒత్తినచోటనే గొట్టము పగులుననుకొనరాదు. పెరుగుచున్న మంచుబిరడాకును మూసిన కొళాయికిని నడుమ చిక్కిన నీరు, పోవుదారి లేక ఒత్తిడి హెచ్చి, ఎచ్చట బలహీనస్థలమున్న నచ్చట బయటపడును. పాతయిండ్లలోని సీసపుగొట్టము చీలుటకు ముందు కప్పను మ్రింగిన పామువలె ఉబ్బును. సీసము సాగునేగాని మరల ముడుచుకొనదు గనుక, ఈ యేటి ఉబ్బు వచ్చు చలికాలమునకు మఱింత పలుచబడి, నిలువున గోటిగీతంత చీలికయగును. దానిని అతుకు నాటి ప్లంబరు పనితనము చూడదగినదిగా నుండెను. సీసమును తగరమును కలిపి కరగించిన ద్రవమును అతుకుమీద పోసి, క్రొవ్వు పూసిన మందపుగుడ్డను చేతబట్టి, అది బిగియులోపల త్రిప్పి త్రిప్పి తుడిచి, నున్నని నిమ్మపండు ఆకృతికి తెచ్చెడివాడు. క్షణమాలస్యమైన పని మరల మొదటికి వచ్చెడిది.

1895 ఫిబ్రవరిలో లోతు చాలని వీధిగొట్టములే గడ్డకట్టగా, లండనువాసులు వీధులలో నిలిపిన తాత్కాలికపు కొళాయిలకడ బాల్చీలు పట్టిరి. 1963 జనవరిలో మధ్య ఇంగ్లండు నెలసరి సగటు ఉష్ణోగ్రత సున్నకు దిగువ 2.1 డిగ్రీలకు జారినపుడు, జనులు అటకలందును పెరటి మరుగుదొడ్లందును కిరసనాయిలు దీపములు వెలిగించి గొట్టములకు కాపలా పెట్టిరి. తరువాతి కాలమున అటకనేలపై ఉన్నివంటి పరుపు పరచుట వాడుకయ్యెను. క్రిందిగది వెచ్చదనము పైకి రానందున అటక మునుపటికంటెను చల్లబడెను గనుక, తొట్టి అడుగున మాత్రము ఆ పరుపు పరచరాదని పనివారు నేటికిని చెప్పుదురు.

ఇప్పుడు తొట్టియే అక్కరలేని బాయిలర్లు వచ్చి పెక్కిండ్ల అటకలు ఖాళీయైనవి. అయినను 2005లో, పొగతో పోవు ఆవిరిని చల్లార్చి అందలి వేడిని రాబట్టు క్రొత్తరకపు బాయిలర్లను ఇంగ్లండున విధించినపుడు, వానినుండి కారు నీటిని పంపు సన్నని ప్లాస్టిక్ గొట్టమును అనేక గృహములలో మరల వెలిగోడకే తగిలించిరి! 2010 డిసెంబరు మంచులో ఆ గొట్టములు వేలకొలది బిగుసుకొని, వేడి మిక్కిలి అవసరమైన యుదయముననే బాయిలర్లు ఆగిపోగా, గృహస్థులు రాత్రిదుస్తులపై కోటు తొడుగుకొని, గోరువెచ్చని నీటికెటిళ్లతో గోడలవెంట నిలబడిరి. ఆ గొట్టమును వీలైనంతవరకు ఇంటిలోపలనే నడుపవలెననియు, వెలుపల నడుపక తప్పనిచో లావుపాటిదానిని వాడి పైన తొడుగు వేయవలెననియు ఇప్పటి మార్గదర్శకములు చెప్పుచున్నవి.