ఆంధ్ర విశ్వవిద్యాలయం: విజ్ఞాన, గణిత, నర్సింగ్ విద్యల చరిత్ర

తెలుగు జిల్లాల విద్యార్థులు పట్టాల కోసం మద్రాసు వైపు చూడక తప్పని రోజుల్లో, 1926లో బెజవాడ (నేటి విజయవాడ) కేంద్రంగా ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏర్పడింది. తొలి వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి. మొదట్లో దాని పని కాలేజీలకు గుర్తింపు, పరీక్షల నిర్వహణ వరకే. 1930లో విశాఖపట్నంలోని వాల్తేరుకు తరలాక సొంతంగా బోధన మొదలైంది. సత్యాగ్రహులపై ప్రభుత్వ దమనకాండకు నిరసనగా రెడ్డి పదవి వదులుకోగా, 1931లో సర్వేపల్లి రాధాకృష్ణన్ ఆ స్థానంలోకి వచ్చారు. ఆయన తత్వవేత్తే అయినా ప్రయోగశాలల విలువ బాగా ఎరిగినవాడు. జయపురం మహారాజా విక్రమదేవ వర్మ ఏటా ఇచ్చిన లక్ష రూపాయల విరాళం అండతో సైన్సు, టెక్నాలజీ కళాశాల నిలదొక్కుకుంది. కళాశాలకు జయపురం సంస్థానాధీశుల పేరే పెట్టారు. అప్పటి ధరల్లో లక్ష చిన్న మొత్తం కాదు. ఏటా వస్తుందన్న భరోసా అంతకన్నా విలువైనది, ప్రయోగశాల ఒక్కసారి కొనుగోళ్లతో నడిచేది కాదు కాబట్టి.

పేరున్న పెద్దల కోసం వేచి చూడకుండా కుర్రవాళ్లను తీసుకోవడం ఆనాటి నియామకాల ప్రత్యేకత. సి.వి. రామన్ దగ్గర పనిచేసిన సూరి భగవంతం 1932లో భౌతికశాస్త్ర విభాగంలో చేరేనాటికి పాతికేళ్లు కూడా నిండలేదు. కాంతి పరిక్షేపణం, రామన్ ప్రభావంపై ఆయన రాసిన గ్రంథం 1940లో వెలువడింది. తర్వాతి రోజుల్లో ఆయన రక్షణమంత్రికి శాస్త్రీయ సలహాదారు అయ్యారు. మాంచెస్టర్‌లో రసాయన శాస్త్రవేత్త రాబర్ట్ రాబిన్సన్ వద్ద పరిశోధన చేసి వచ్చిన టి.ఆర్. శేషాద్రి 1933 నుంచి రసాయన విభాగాన్ని నిర్మించారు. ఖరీదైన పరికరాలు లేనిచోట ఆయన ఎంచుకున్న విషయం తెలివైనది: చుట్టూ దొరికే మొక్కల్లోని రంగులు. పత్తి పూల వర్ణద్రవ్యాల మీద వాల్తేరులో జరిగిన పని అలా వచ్చిందే. 1949లో ఆయన ఢిల్లీకి వెళ్లారు. 1960లో రాయల్ సొసైటీ ఫెలో అయ్యారు.

1942 ఏప్రిల్ 6న విశాఖపై జపాన్ విమానాలు బాంబులు వేశాక విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలి, యుద్ధం ముగిశాక తిరిగి వచ్చింది. తర్వాతి దశాబ్దంలో సి. మహదేవన్ నెలకొల్పిన భూగర్భశాస్త్ర విభాగం పేరు తెచ్చుకుంది. అమెరికా సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ వచ్చి బంగాళాఖాతం అధ్యయనానికి ఊతమిచ్చారు. సముద్రం కిటికీలోంచి కనిపించే విశ్వవిద్యాలయం ఆ పని అంతకుముందే మొదలుపెట్టాల్సింది.

గణితానికి ఖర్చు తక్కువ, ఫలితం దూరం వెళ్లింది. ఇక్కడ సంఖ్యా సిద్ధాంతం బోధించిన వి. రామస్వామి పెద్ద ప్రధాన కారణాంకాలు లేని పూర్ణాంకాలు ఎన్ని ఉంటాయన్న ప్రశ్నపై 1949లో ప్రచురించిన ఫలితాన్ని ఇప్పటికీ ఉదహరిస్తుంటారు. బ్రిటిష్ గణితవేత్త హార్డీ శిష్యుడు టి. విజయరాఘవన్ 1946లో ఢాకా నుంచి వచ్చి కొన్నేళ్లు ఆచార్యుడిగా ఉన్నారు. ఘాతాలు పెరిగేకొద్దీ పూర్ణాంకాలకు దగ్గరయ్యే కొన్ని సంఖ్యలకు ఫ్రెంచ్ గణితవేత్త పిసో, విజయరాఘవన్‌ల పేర్లు జంటగా నిలిచాయి. వాటిలో సుపరిచితమైనది 1.618... అనే స్వర్ణ నిష్పత్తి. దాని పదో ఘాతం 122.99, అంటే 123కి దాదాపు చేరినట్టే. ఇక్కడే గణితం చదివిన సి.ఆర్. రావు గణాంకశాస్త్రం కోసం కలకత్తా వెళ్లారు. 1945లో ఆయన ప్రచురించిన పత్రంలోనిదే, గణాంక అంచనాల కచ్చితత్వానికి హద్దు చూపే క్రేమర్-రావు అసమానత. 2023లో అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి ఆయనకు దక్కింది.

నర్సింగ్ కథ వేరు. 1923లో మొదలైన విశాఖ వైద్య కళాశాల విశ్వవిద్యాలయం గొడుగు కిందికి వచ్చింది. దాని ఆసుపత్రి అయిన కింగ్ జార్జ్ ఆసుపత్రి, కేజీహెచ్‌నే ఉత్తరాంధ్ర జనం పెద్దాసుపత్రి అంటారు. డాక్టర్లకు పట్టా దొరికింది. నర్సులకు మాత్రం వార్డే పాఠశాల. డ్యూటీ చేస్తూ నేర్చుకోవడం, స్టైపెండు, హాస్టలు, చివర డిప్లొమా. ఈ పద్ధతికి బాట వేసినవి మిషన్ ఆసుపత్రులు. గుంటూరులో డాక్టర్ అన్నా కుగ్లర్ 1898లో తెరిచిన ఆసుపత్రి వాటిలో ముఖ్యమైనది. ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏర్పడిన 1926లోనే మద్రాసు శాసనమండలి నర్సులు, మంత్రసానుల చట్టం కూడా తెచ్చింది. దాని ప్రకారం నర్సు వృత్తి రిజిస్ట్రేషన్ కౌన్సిల్ చేతికి వెళ్లింది, విశ్వవిద్యాలయం చేతికి కాదు. ఈ విడదీతలో పెద్దలు నర్సింగ్‌ను చదువుగా కాక సేవగా చూసిన చూపు కనిపిస్తుంది.

దేశంలో నర్సింగ్ డిగ్రీ 1946లో ఢిల్లీ, వెల్లూరుల్లో మొదలైంది. ఆరోగ్య వ్యవస్థపై భోర్ కమిటీ నివేదిక వచ్చిన ఏడాదీ అదే. మరుసటి ఏడు భారత నర్సింగ్ కౌన్సిల్ చట్టం వచ్చింది. 1986లో విజయవాడలో ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం ఏర్పడటంతో రాష్ట్రంలోని వైద్య, దంత, నర్సింగ్ కళాశాలల అనుబంధం దానికి మారింది. తర్వాత దానికి ఎన్టీఆర్ పేరు పెట్టారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం పుట్టిన ఊళ్లోనే దాని వైద్య శాఖ వేరుకాపురం పెట్టినట్టయింది. నర్సింగ్ డిగ్రీలో ఇప్పుడు శాస్త్రమూ భాగమే: నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్‌లో శరీరనిర్మాణం, జీవరసాయనం, సూక్ష్మజీవశాస్త్రంతో పాటు పరిశోధన, గణాంకాల పాఠం కూడా ఉంటుంది. వైద్య శాఖ తర్వాత వాల్తేరు అనుబంధ డిగ్రీ కాలేజీల పరిధి కూడా తగ్గింది. రాజమండ్రిలో ఆదికవి నన్నయ, ఎచ్చెర్లలో అంబేద్కర్ విశ్వవిద్యాలయాలు వచ్చాక చుట్టుపక్కల డిగ్రీ కాలేజీలు వాటికి వెళ్లాయి. నర్సింగ్‌లో మాత్రం పాత విడదీత ఇంకా ఉంది: పట్టా విశ్వవిద్యాలయం ఇచ్చినా, ఉద్యోగం చేయడానికి రాష్ట్ర కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉండాలి.