చిత్రఫలకంపై మౌస్ నిరూపకాల మార్పిడి

వెబ్ పేజీలో బొమ్మలు గీయడానికి వాడే క్యాన్వాస్ అనే చిత్రఫలకంపై మౌస్‌తో క్లిక్ చేసినప్పుడు, ఆ క్లిక్కు తెరమీద ఎక్కడ పడిందో మాత్రమే బ్రౌజరు తెలుపుతుంది. బొమ్మలో ఆ చోటు ఏదో తెలుపదు. తెరమీది స్థానం నుండి బొమ్మ సొంత కొలతలలోని స్థానాన్ని రాబట్టే గణనను '''మౌస్ నిరూపకాల మార్పిడి''' అంటారు. జూమ్ చేసి, పక్కకు జరిపి చూడగలిగే పటాలు, భవనాల నమూనాలు, చిత్రలేఖన పరికరాలు అన్నీ ఈ గణన మీదనే ఆధారపడి పనిచేస్తాయి.

ఈ గణన తప్పితే గుర్తు ఒకచోట పెట్టబోతే మరొకచోట పడుతుంది. అంత దూరం పడితే వాడుకరికి వెంటనే తెలుస్తుంది కనుక నష్టం తక్కువ. రెండు మూడు పిక్సెళ్ళ తేడా అయితే ఎవరి కంటికీ ఆనదు. పొలం హద్దునో, ఎక్స్‌రేలోని ఎముక చీలికనో గుర్తించే సాధనంలో ఆ తప్పు విలువే భద్రపరచబడి, తరువాతి కొలతలన్నిటిలోకీ చేరుతుంది.

== నేపథ్యం ==

తెరమీద చూపిన చోటును బొమ్మలోని చోటుగా గ్రహించవలసిన అవసరం వెబ్ కంటే చాలా పాతది. ఇవాన్ సదర్లాండ్ 1963లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ (ఎం.ఐ.టి.)లో పరిశోధనగా సమర్పించిన స్కెచ్‌ప్యాడ్‌లో కాంతి కలంతో తెరపై గీతలు గీయవచ్చు, బొమ్మను పెద్దదిగానూ చిన్నదిగానూ చేసి చూడవచ్చు. డగ్లస్ ఎంగెల్బార్ట్ 1968 డిసెంబరు 9న శాన్ ఫ్రాన్సిస్కోలో మౌస్‌ను బహిరంగంగా ప్రదర్శించాడు.

క్యాన్వాస్‌ను ఆపిల్ సంస్థ 2004లో తన మాక్ కంప్యూటర్ల కోసం ప్రవేశపెట్టింది. 2005లో ఫైర్‌ఫాక్స్ 1.5, 2006లో ఒపేరా 9, 2011లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 9 దానిని స్వీకరించాయి. 2014లో వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం ఆమోదించిన హెచ్‌టీఎంఎల్ 5 ప్రమాణంలో అది భాగమైంది.

క్యాన్వాస్‌కు జ్ఞాపకశక్తి లేదు. దానిపై ఒక వృత్తం గీస్తే అక్కడ మిగిలేవి రంగు పిక్సెళ్ళే. అది వృత్తమన్న సంగతి గానీ, దాని కేంద్రం ఎక్కడన్న సంగతి గానీ ఫలకానికి తెలియదు. అందువల్ల క్లిక్ ఏ ఆకృతిమీద పడిందో తేల్చే బాధ్యత పూర్తిగా ప్రోగ్రాము రాసేవారిదే. నిరూపకాల మార్పిడి ఆ పనిలో మొదటి మెట్టు.

== మూడు నిరూపక వ్యవస్థలు ==

ఒకే బిందువుకు ఇక్కడ మూడు చిరునామాలు ఉంటాయి. వీటిని వేరుచేసి చూడకపోవడమే ఈ విషయంలో వచ్చే తికమకకు ముఖ్య కారణం.

మొదటిది కిటికీ నిరూపకాలు. బ్రౌజరు కిటికీలో పేజీ కనిపించే భాగపు ఎడమ పైమూల ఇక్కడ మూలబిందువు. మౌస్ సంఘటనలో క్లయింట్ ఎక్స్, క్లయింట్ వై అనే పేర్లతో వచ్చే విలువలు ఇవే. పేజీ ఎక్స్, పేజీ వై అనేవి వేరు. అవి మొత్తం పేజీ మొదలు నుండి లెక్కించినవి కనుక పేజీని స్క్రోలు చేసిన కొద్దీ వీటికీ వాటికీ తేడా పెరుగుతుంది.

రెండవది ఫలకపు పిక్సెళ్ళు. క్యాన్వాస్‌కు రెండు పరిమాణాలు ఉంటాయన్నది కొత్తవారు తరచుగా గమనించని విషయం. పేజీలో అది ఆక్రమించే చోటు ఒకటి, దాని లోపల నిజంగా ఉన్న పిక్సెళ్ళ సంఖ్య మరొకటి. ఏమీ చెప్పకపోతే లోపలి పరిమాణం 300 × 150 పిక్సెళ్ళు. శైలి నియమాలతో ఫలకాన్ని 600 × 300గా చూపితే లోపలి పిక్సెళ్ళు పెరగవు, సాగదీయబడతాయి. సాంద్రత ఎక్కువగా ఉన్న తెరలపై దీనికి వ్యతిరేకమైన ఏర్పాటు చేస్తారు. గీతలు స్పష్టంగా కనిపించడానికి, చూపే చోటు కంటే రెట్టింపో మూడింతలో పిక్సెళ్ళను లోపల ఉంచుతారు.

మూడవది బొమ్మ నిరూపకాలు. ఇవి బొమ్మ గీసినవారు ఎంచుకున్న కొలతలు. మీటర్లు కావచ్చు, అంగుళాలు కావచ్చు. జూమ్ చేసినా, జరిపినా ఇవి మారవు. ఒక అట్టకు చతురస్రాకారపు కిటికీ కోసి, దానిని అట్లాసులోని ఒక పుటపై ఉంచి జరిపినప్పుడు, కిటికీలో నెల్లూరు కనిపించే చోటు మారుతుంది గానీ నెల్లూరు అక్షాంశ రేఖాంశాలు మారవు కదా. ఇదీ అటువంటిదే.

తెరమీద నిలువు అక్షపు విలువలు కిందికి పోయిన కొద్దీ పెరుగుతాయి. పాత తెరలలో ఎలక్ట్రాన్ పుంజం ఎడమ పైమూలలో బయలుదేరి వరుస వెంట వరుసగా కిందికి దిగేది. ఆ అలవాటే నిలిచిపోయింది. తరగతి గదిలో పైకి పెరిగే అక్షానికి అలవాటుపడిన విద్యార్థులు దీనిని మొదటే గుర్తుంచుకోవడం మంచిది. బొమ్మ నిరూపకాలు పైకి పెరిగేవైతే నిలువు దిశలో జూమ్ విలువను రుణసంఖ్యగా తీసుకుంటారు.

== మార్పిడి విధానం ==

బొమ్మను తెరపై చూపేటప్పుడు ప్రతి బిందువూ ఈ దారిలో ప్రయాణిస్తుంది: బొమ్మ నిరూపకాన్ని జూమ్ విలువతో గుణించి, జరుపుడు విలువను కలిపితే ఫలకపు పిక్సెల్ వస్తుంది. దానిని, చూపే పరిమాణానికీ లోపలి పరిమాణానికీ గల నిష్పత్తితో గుణించి, కిటికీలో ఫలకపు ఎడమ అంచు (నిలువు దిశకైతే పై అంచు) స్థానాన్ని కలిపితే కిటికీ నిరూపకం వస్తుంది.

క్లిక్ చేసినప్పుడు ఈ దారినే వెనుకకు నడవాలి. మూట విప్పేటప్పుడు చివర వేసిన ముడిని ముందు విప్పినట్లు, చివరి క్రియను మొదట రద్దు చేయాలి. కలిపినచోట తీసివేయాలి, గుణించినచోట భాగించాలి. ఇంటర్మీడియట్ గణితంలో ప్రమేయాల పాఠం చదివినవారికి ఇది కొత్త కాదు. సంయుక్త ప్రమేయపు విలోమం, విడివిడి విలోమాలను తారుమారు వరుసలో సంయోగం చేస్తే వస్తుంది. అక్ష పరివర్తనం అనే పాఠంలో మూలబిందువును మార్చి చేసే లెక్కలు కూడా ఇక్కడి జరుపుడుతో పోల్చదగినవే.

ఒక ఉదాహరణ. ఫలకం కిటికీలో ఎడమనుండి 120, పైనుండి 80 పిక్సెళ్ళ దూరంలో ఉన్నది. చూపే పరిమాణం 800 × 600, లోపలి పరిమాణం 1600 × 1200. జూమ్ విలువ 3. జరుపుడు అడ్డంగా 320, నిలువుగా 90. వాడుకరి (520, 380) వద్ద క్లిక్ చేశాడు.

ఫలకపు స్థానాన్ని తీసివేస్తే (400, 300).
లోపలి నిష్పత్తి 2తో గుణిస్తే (800, 600).
జరుపుడును తీసివేస్తే (480, 510).
జూమ్ విలువ 3తో భాగిస్తే (160, 170).

బొమ్మలో క్లిక్ పడిన చోటు (160, 170). సరిచూడటానికి ముందుకు నడిస్తే, 160 × 3 + 320 = 800 మరియు 170 × 3 + 90 = 600.

చివరి రెండు మెట్లను తారుమారు చేస్తే ఏమవుతుందో కూడా చూడవలసిందే. ముందు 3తో భాగించి తరువాత జరుపుడును తీసివేస్తే (−53.33, 110) వస్తుంది. అడ్డంగా 213.33, నిలువుగా 60 తేడా. ఇవి జరుపుడు విలువలలో సరిగ్గా మూడింట రెండు వంతులు. జూమ్ విలువ 1 అయినప్పుడు మాత్రం ఈ తేడా సున్న, రెండు వరుసలూ ఒకే జవాబునిస్తాయి. జరుపుడు సున్న అయినా అంతే. ప్రోగ్రాము రాసినవారు పేజీ తెరవగానే, ఇంకా జూమ్ చేయకముందే, ఒకసారి క్లిక్ చేసి అంతా సరిగా ఉన్నదని తృప్తి పడతారు. తప్పు సూత్రం కూడా ఆ పరీక్షలో నెగ్గుతుంది. ఈ సూత్రాన్ని పరీక్షించడానికి జూమ్ 1 కానిదిగా, జరుపుడు రెండు దిశలలోనూ వేరువేరు విలువలుగా, పేజీ కొంత స్క్రోలు అయినదిగా, లోపలి నిష్పత్తి 1 కానిదిగా ఉండాలి.

== ఆదేశాల వరుస ==

ఇక్కడ మరొక చిక్కు ఉన్నది. క్యాన్వాస్‌కు ఆదేశాలు ఇచ్చేటప్పుడు జరుపుడు ఆదేశాన్ని (ట్రాన్స్‌లేట్) ముందు, జూమ్ ఆదేశాన్ని (స్కేల్) తరువాత రాస్తే, బిందువుపై మొదట పనిచేసేది జూమ్, ఆ తరువాత జరుపుడు. గీసే వాక్యానికి దగ్గరగా ఉన్న ఆదేశమే బిందువుకు ముందు తగులుతుంది. ఈ సంగతి తెలియనివారు ప్రోగ్రాములోని పంక్తుల వరుసను చూసి, దానిని తలకిందులు చేసి, ముందు భాగించి తరువాత తీసివేస్తారు. వారు పాటించిన నియమం సరైనదే, చదివిన వరుసే తప్పు.

స్కేల్‌ను ముందు రాసి ట్రాన్స్‌లేట్‌ను తరువాత రాస్తే జరుపుడు విలువ బొమ్మ కొలతలలో ఉంటుంది. అప్పుడు భాగించి తీసివేయడమే సరైన పద్ధతి. అంటే పైన తప్పు అని చెప్పిన సూత్రం వేరొక ఏర్పాటుకు ఒప్పే. రెండు చోట్ల నుండి ప్రోగ్రాము ముక్కలు తెచ్చి అతికించినప్పుడు పుట్టే లోపాలలో చాలావాటికి మూలం ఇదే.

== ఫలకం స్థానాన్ని కనుగొనడం ==

కిటికీలో ఫలకం ఎక్కడ ఉన్నదో గెట్ బౌండింగ్ క్లయింట్ రెక్ట్ అనే ఆదేశం తెలుపుతుంది. అది ఇచ్చేవి కిటికీ నిరూపకాలు కనుక క్లయింట్ ఎక్స్, క్లయింట్ వైలతోనే వాటిని జతచేయాలి. పేజీ ఎక్స్ నుండి తీసివేస్తే, స్క్రోలు చేసినంత మేర తప్పు వస్తుంది. ఈ విలువను పేజీ తెరచినప్పుడు ఒకసారి తీసుకొని దాచుకోవడం కూడా తగదు, ప్రతి క్లిక్కుకూ కొత్తగా అడగాలి.

ఆ చతురస్రంలో ఫలకపు అంచుపట్టీ కూడా కలిసి ఉంటుంది. 5 పిక్సెళ్ళ పట్టీ పెడితే ప్రతి క్లిక్కూ 5 పిక్సెళ్ళు పక్కకు పోతుంది. ఎవరూ పట్టించుకోకుండా ఏళ్ళ తరబడి మిగిలిపోయేది ఇటువంటి తప్పే. పట్టీని ఫలకానికి కాక, దానిని చుట్టి ఉంచిన పెట్టెకు పెట్టడం సులభమైన పరిష్కారం.

== మౌస్ ఉన్నచోటనే జూమ్ ==

మౌస్ చక్రం తిప్పినప్పుడు మౌస్ కింద ఉన్న ఊరు అక్కడే నిలిచి, చుట్టూ ఉన్న పటం పెరగాలని వాడుకరి ఆశిస్తాడు. జూమ్ విలువను మాత్రమే మారిస్తే అలా జరగదు, చూస్తున్న చోటు తెరనుండి జారిపోతుంది. జూమ్‌తో పాటు జరుపుడును కూడా మార్చాలి. మౌస్ స్థానాన్ని ఫలకపు పిక్సెళ్ళలో తీసుకొని, అందులోనుండి పాత జరుపుడును తీసివేసి, వచ్చినదానిని కొత్త జూమ్‌కూ పాత జూమ్‌కూ గల నిష్పత్తితో గుణించి, ఆ ఫలితాన్ని మౌస్ స్థానం నుండి తీసివేస్తే కొత్త జరుపుడు వస్తుంది.

పై ఉదాహరణలో జూమ్‌ను 3 నుండి 6కు పెంచితే నిష్పత్తి 2. కొత్త జరుపుడు అడ్డంగా 800 − 480 × 2 = −160, నిలువుగా 600 − 510 × 2 = −420. ఇప్పుడు 160 × 6 − 160 = 800, 170 × 6 − 420 = 600. బిందువు కదలలేదు.

జూమ్ విలువ సున్నకు చేరకుండా కనిష్ఠ హద్దు పెట్టడం అవసరం. సున్నతో గుణిస్తే బొమ్మ అంతా ఒక చుక్కగా ముడుచుకుపోతుంది, ఆ చుక్కనుండి తిరిగి ఏ బిందువునూ రాబట్టలేము.

== మాత్రికలతో ==

బొమ్మను తిప్పే సౌకర్యం కూడా ఉంటే విడివిడి కూడికలు, తీసివేతలు చాలవు. అప్పుడు మార్పులన్నిటినీ ఒకే 3 × 3 మాత్రికగా రాస్తారు. గుణకారంతో జరుపుడును కూడా సాధించడానికి వీలు కల్పించే సజాతీయ నిరూపకాలను ఆగస్ట్ ఫెర్డినాండ్ మోబియస్ 1827లో ప్రవేశపెట్టాడు. మాత్రిక చివరి వరుస ఎప్పుడూ 0, 0, 1 కనుక క్యాన్వాస్ మిగిలిన ఆరు సంఖ్యలనే అడుగుతుంది. క్లిక్కును మార్చడానికి ఈ మాత్రిక విలోమంతో గుణిస్తే సరిపోతుంది. మొదట్లో క్యాన్వాస్‌కు మాత్రికను ఇవ్వడమే గాని తిరిగి అడిగే వీలు అన్ని బ్రౌజర్లలో ఉండేది కాదు, ప్రోగ్రామర్లు తమ లెక్క తామే దాచుకునేవారు. ఇప్పుడు గెట్ ట్రాన్స్‌ఫార్మ్ అనే ఆదేశంతో దానిని పొంది, విలోమం చేయవచ్చు.

ఒక బిందువుకూ, ఒక దూరానికీ గల భేదాన్ని మరువరాదు. మౌస్‌ను లాగినప్పుడు అది కదిలిన దూరాన్ని మార్చేటప్పుడు జరుపుడును తీసివేయకూడదు, భాగించడం మాత్రమే చేయాలి. గీతకు ఎంత దగ్గరగా క్లిక్ చేస్తే దానిని ఎంచుకున్నట్లు భావించాలన్న హద్దు కూడా దూరమే. పై ఉదాహరణలో తెరమీద 6 పిక్సెళ్ళ హద్దు, బొమ్మ కొలతలలో 6 × 2 ÷ 3 = 4 అవుతుంది. ఈ మార్పు చేయకపోతే, దూరంగా చూసినప్పుడు సన్నని గీతలు చేతికి చిక్కవు, దగ్గరగా చూసినప్పుడు పక్కవి కూడా వచ్చి పడతాయి.

== ఎస్‌వీజీ చిత్రాలలో ==

2001లో ప్రమాణంగా వెలువడిన ఎస్‌వీజీ పద్ధతిలో ఆకృతులను బ్రౌజరే గుర్తుంచుకుంటుంది. క్లిక్ ఏ ఆకృతిపై పడిందో అదే చెబుతుంది. ఖచ్చితమైన స్థానం కావాలంటే గెట్ స్క్రీన్ సీటీఎం ఇచ్చే మాత్రికకు విలోమం కట్టాలి. చేత్తో లెక్కించేవారు ఇక్కడ పొరబడటానికి ఒక కారణం ఉన్నది. బొమ్మ ఆకారం చెడకుండా ఉండటానికి బ్రౌజరు పక్కన ఖాళీ వదులుతుంది. 100 × 100 కొలతల బొమ్మను 400 × 200 పెట్టెలో చూపితే అది రెట్టింపై మధ్యలో నిలుస్తుంది, రెండు పక్కలా 100 పిక్సెళ్ళ ఖాళీ మిగులుతుంది. బొమ్మ ఎడమ అంచు పెట్టె అంచు వద్ద కాక 100వ పిక్సెల్ వద్ద మొదలవుతుంది.

== స్పర్శ తెరలు ==

ఫోన్లలో మౌస్ బదులు వేలు ఉంటుంది గాని లెక్క మారదు. రెండు వేళ్ళతో జూమ్ చేసేటప్పుడు వేళ్ళ మధ్య దూరాలలోని కొత్త పాత నిష్పత్తి జూమ్ నిష్పత్తి అవుతుంది, వాటి మధ్యబిందువు మౌస్ స్థానానికి బదులు నిలుస్తుంది. మధ్యబిందువు కూడా కదిలితే ఆ కదలికను జరుపుడుకు కలపాలి.