తుపాకికి భుజమైనవాళ్లు

'ఒకరి భుజం మీద తుపాకి పెట్టి కాల్చడం' అనే మాట ఊరి పంచాయితీల్లోనూ, రాజకీయ సభల్లోనూ తరచుగా వింటుంటాం. తాను వెనక ఉండి, ఇంకొకరిని ముందు నిలబెట్టి పని సాధించుకునేవాళ్ల గురించి అలా అంటారు. ఒకప్పుడు అది నిజంగా జరిగిన పని. మొగలుల కాలపు వేట చిత్రాలు కొన్నిటిలో రాకుమారుడు పొడవాటి తుపాకితో జింకకో, మనుబోతుకో గురిపెట్టి ఉంటాడు. ఆ తుపాకి గొట్టం ముందున్న మనిషి భుజం మీద ఆని ఉంటుంది. ఆ మనిషి కదలకూడదు, దగ్గకూడదు. అతని చెవి పక్కనే మందు పేలుతుంది. రాకుమారుడి పేరు చరిత్ర పుస్తకాల్లోకి ఎక్కింది. భుజం ఇచ్చినవాడి పేరు ఎక్కలేదు.

మాటు వేసి ఆడే వేటలో తుపాకికి ఊత కావాలి. ఆ ఊత ఏది, దాన్ని ఎవరు ఎంచారు, ఎవరు కట్టారు అని అడిగితే, అడవి చరిత్రలో మన తాతలు నిలబడిన చోటు కనిపిస్తుంది. ఈ వ్యాసంలో మేము అడుగుతున్నది అదే.

ముందు విల్లు సంగతి చూద్దాం. చెంచులు, కోయలు, కొండరెడ్లు, గోండులు విల్లంబులతో వేటాడినవాళ్లే. విల్లుకు ఊత అక్కర్లేదు. ఒక చెయ్యి విల్లును నిలబెడుతుంది, రెండో చెయ్యి నారిని లాగుతుంది. నారి లాగాక ఎక్కువసేపు పట్టి ఉంచలేం, చేతులు వణుకుతాయి. అందుకే విలుకాడు జంతువుకు బాగా దగ్గరగా చేరాలి. అతను కూర్చునే చాటులో మోచెయ్యి వెనక్కి రావడానికి చోటుండాలి. గాలి జంతువు వైపు నుంచి తన వైపు రావాలి. ఎండుటాకు చప్పుడు కాకూడదు. అంటే విల్లువాడికి ఊత చెక్కలో లేదు. ఓపికలో, అడవిని ఎరిగి ఉండడంలో ఉంది.

తుపాకి వచ్చాక లెక్క మారింది. పాతకాలపు వత్తి తుపాకి పొడవు ఎక్కువ, బరువూ ఎక్కువ. వత్తి నిప్పు మందుకు తగిలి గుండు బయటికి వచ్చేదాకా గొట్టం కదలకుండా ఉండాలి. ఉట్టి చేతులతో అది కష్టం. నేల మీద కూర్చునేవాడు పంగలకర్ర పాతి దాని మీద గొట్టం ఆనించేవాడు. కొన్ని తుపాకులకు ముందువైపు రెండు కాళ్లు అమర్చేవారు. సేవకులున్న దొరకైతే మనిషి భుజమే పంగలకర్ర అయింది.

ఇక మంచె. ఈ మాట మనకు కొత్త కాదు. జొన్న చేనుకు, మొక్కజొన్న చేనుకు మంచె వేసుకోని ఊరు ఏజెన్సీలో తక్కువ. పగలు మంచె మీద నిలబడి వడిసెల తిప్పి పిట్టలను తోలతాం. రాత్రి నెగడు వేసి, డప్పు కొట్టి అడవి పందులను తరుముతాం. మంచె పుట్టింది పంటను కాచుకోవడానికి. ఏ చెట్టు కొమ్మ బరువు మోస్తుంది, అడ్డతీగ నారతో ముడి ఎలా వేస్తే జారదు, ఏ ఎత్తులో కూర్చుంటే చేనంతా కనిపిస్తుంది అన్న తెలివి చేను కాపలా నుంచి వచ్చింది. తెల్లదొరలూ, నవాబులూ పులివేటకు వాడిన 'మచాన్' మన మంచెకు తోబుట్టువే. రెండు మాటలకూ మూలం సంస్కృతంలోని 'మంచ'. చాలాసార్లు దొర కోసం నులక మంచాన్నే చెట్టు మీదికి ఎక్కించి కట్టేవారు.

ఆ మంచె మీద తుపాకికి ఊత ఎంచడంలో ఎంత ఆలోచన ఉందో చూడండి. మొదటి ప్రశ్న: జంతువు నిలబడి ఉంటుందా, పరుగెత్తి వస్తుందా? పులి ఎరగా కట్టిన దున్నను చంపి, మళ్లీ తినడానికి వచ్చే చోట మాటు వేస్తే, అది వచ్చే దిక్కు ముందే తెలుసు. అక్కడ ఊత పనికొస్తుంది. కూర్చున్నవాడికి ముందు ఒక అడ్డకర్ర కడతారు. కానీ హాకా వేటలో, అంటే మనుషులు వరుసగా నడుస్తూ జంతువును తోలుకొచ్చే వేటలో, పులి ఏ పొద చాటు నుంచి దూకుతుందో తెలియదు. తుపాకి కుడికీ ఎడమకీ తిరగాలి. అక్కడ గట్టిగా బిగించిన అడ్డకర్ర సాయం చేయదు, అడ్డం పడుతుంది.

రెండో ప్రశ్న ఎత్తు. పైన కూర్చుని కిందికి కాల్చాలి. అడ్డకర్ర గుండె ఎత్తుకు మించితే గొట్టం కిందికి వంగదు, పులి మంచె దగ్గరికి వచ్చినకొద్దీ గురి కుదరదు. మరీ కిందికి ఉంటే కాల్చేవాడి నడుము వంగిపోయి, గంటసేపు కూడా కూర్చోలేడు. మూడో ప్రశ్న కదలిక. కూర్చునే మంచం ఒక చెట్టుకూ, అడ్డకర్ర ఇంకో చెట్టుకూ కడితే గాలికి రెండూ రెండు రకాలుగా ఊగుతాయి. ఒకే చెట్టుకు కడితే రెండూ కలిసి ఊగుతాయి. నాలుగోది చప్పుడు. మేకు కొట్టకూడదు. కొడితే ఆ మోత దూరం పోతుంది, తర్వాత కర్ర కిర్రుమంటుంది. నారతో కట్టి, గొట్టం తగిలే చోట గోనెపట్టానో పాతగుడ్డో చుట్టాలి. ఐదోది దెబ్బ. ఇనుప గొట్టాన్ని నేరుగా గట్టి కర్ర మీద పెట్టి కాలిస్తే అది పైకి ఎగురుతుంది, గుండు గురికి పైగా పోతుంది. అందుకే తుపాకి కింది చెక్క భాగాన్ని గానీ, దాన్ని పట్టుకున్న చేతిని గానీ కర్ర మీద ఆనించాలి.

ఆరోది చాటు. మంచెకు ఆకుల తడిక కట్టేటప్పుడు ఆ చెట్టు ఆకులే వాడాలి. వేరే ఆకు అయితే కొత్తగా కనబడుతుంది. నరికిన కొమ్మల తెల్లటి గాట్లు బయటపడకుండా మట్టి పూయాలి. రాలిన చెక్కపేళ్లు ఏరి దూరంగా పారేయాలి. పులి వచ్చే దారి, నీళ్ల జాడ, ఆ ఋతువులో సాయంత్రం గాలి వీచే దిక్కు చూసుకోవాలి. వీటిలో చాలా మాటలు దొరలు రాసుకున్న వేట పుస్తకాల్లో సలహాలుగా కనిపిస్తాయి. ఆ సలహాల వెనక స్థానిక వేటగాళ్ల చేతులున్నాయి. మంచె కట్టడం, ఎరను కాయడం, అడుగుజాడ చదవడం, హాకా తోలడం ఎక్కువగా అడవి పక్క ఊళ్ల మనుషుల పని. దొరకు మిగిలింది తుపాకి మీట నొక్కడం.

హాకా ఎలా ఉండేదో పిల్లలకు చెప్పాలి. పదుల మంది, కొన్నిసార్లు వందల మంది డప్పులతో, కేకలతో అడవిని తొక్కుకుంటూ నడిచేవారు. పులి పక్కకు తప్పుకోకుండా రెండు వైపులా కొంతమందిని చెట్లెక్కించేవారు. పులి అటు తిరిగితే వాళ్లు కర్రతో చెట్టును తట్టాలి. దొర మంచె మీద ఉన్నాడు, హాకా మనిషి నేల మీద ఉన్నాడు. అతని చేతిలో ఉన్నది కర్ర, డప్పు. గురి తప్పి పులి గాయపడితే అది వెనక్కి తిరిగేది వీళ్ల మీదికే. అలా ప్రాణాలు పోయినవాళ్లున్నారు. ఊరి పెద్ద ద్వారానో, అధికారి ఆజ్ఞతోనో పిలుపు వస్తే రాననడం తేలిక కాదు.

మన ప్రాంతం నుంచే ఒక ఉదాహరణ. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ పేరుమోసిన పులివేటగాడు. ఆయన ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీన్‌దయాళ్ వేట విడుదులనూ, చచ్చిన పులులనూ ఎన్నో ఫోటోలు తీశాడు. 1893లో ఆస్ట్రియా రాజ్యానికి వారసుడైన ఫ్రాంజ్ ఫెర్డినాండ్ హైదరాబాదు రాజ్యానికి వచ్చి వేటాడాడు. 1902 ఏప్రిల్‌లో వైస్రాయ్ లార్డ్ కర్జన్ వరంగల్ దగ్గర నెక్కొండ అడవుల్లో వేటకు దిగాడు. కర్జన్, ఆయన భార్య చచ్చిన పులి వెనక నిలబడిన ఫోటో ఈనాటికీ పుస్తకాల్లో అచ్చవుతోంది. ఆ ఫోటో కింద రాసే మాటల్లో వైస్రాయ్ పేరుంటుంది, ఊరి పేరుంటుంది, సంవత్సరం ఉంటుంది. పులి జాడ తీసినవాళ్ల పేర్లు, దాన్ని కదిలించినవాళ్ల పేర్లు ఉండవు.

ఇదే కాలంలో చట్టాలు వచ్చాయి. 1878లో బ్రిటిష్ ఇండియాలో ఆయుధాల చట్టం వచ్చింది. తుపాకికి లైసెన్సు కావాలంది, యూరోపియన్లకు మినహాయింపు ఇచ్చింది. అదే ఏడాది భారత అటవీ చట్టం, 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చాయి. రిజర్వు అడవి గీతలు పడ్డాయి. పోడు, కట్టెలు, మేపు, వేట అన్నీ ఆ గీతల లోపల అనుమతి అడగవలసిన పనులయ్యాయి. 1912లో అడవి పక్షుల, జంతువుల రక్షణ చట్టం కొన్ని జాతులకు వేట లేని కాలాన్ని నిర్ణయించే అధికారం ప్రభుత్వాలకు ఇచ్చింది. చేతిలో లైసెన్సు, అనుమతి కాగితం ఉన్నవాడు చంపితే అది 'షికారు' అయింది. అవి లేని ఆదివాసి కూడు కోసం చంపితే దొంగవేట అయింది. నిన్న హాకాకు పిలిచిన మనిషినే నేడు అదే అడవిలో పట్టుకున్నారు.

మన పోరాటాలను ఈ వెలుగులో కూడా చదవాలి. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు వెంట నడిచిన మన్యం మనుషులు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద పడి తుపాకులు తీసుకున్నారు. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీము నిజాం పోలీసుల తుపాకులకు ఎదురు నిలిచి ప్రాణమిచ్చాడు. భూమి కోసం, అడవి కోసం ఆ పోరు. వేరొకరి తుపాకికి భుజంగా ఉండబోమని చెప్పిన ఘట్టాలుగా కూడా వీటిని మనం చూడవచ్చు.

స్వాతంత్ర్యం వచ్చాక 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1991 సవరణతో లైసెన్సు మీద ఆడే వేట కూడా దాదాపుగా ముగిసింది. 2006 అటవీ హక్కుల చట్టం భూమికీ, చిన్నతరహా అటవీ ఉత్పత్తులకూ మన హక్కును గుర్తించింది. సంప్రదాయ హక్కులను లెక్కించే చోట మాత్రం వేట హక్కును స్పష్టంగా మినహాయించింది. కాబట్టి ఈ వ్యాసం ఎవరినీ వేటకు పొమ్మనడం లేదు. ఇవాళ కొన్ని ఊళ్ల చుట్టూ పందుల కోసమని కరెంటు తీగలు పరుస్తున్నారు. ఆ తీగకు పులీ చస్తుంది, పక్క చేను మనిషీ చస్తాడు. అది మన తాతల వేట కాదు. జంతువు జాడ చదవని, గాలి దిక్కు చూడని పనికి వేట అన్న పేరు కూడా తగదు.

అయితే 'అడవి జంతువులు ఆదివాసుల వల్ల తగ్గిపోయాయి' అని ఎవరైనా మన పిల్లల ముందు అంటే, ఆ మాటకు జవాబుగా చరిత్రను చూపాలి. గోడలకు వేలాడిన పులి తలలు ఎవరి ఇళ్లలో ఉన్నాయో అడగాలి. మనవాళ్లూ వేటాడారు. విత్తనాల పండుగకు, చైత్ర మాసపు పండుగకు ఊరంతా కలిసి వేటకు పోయే ఆచారాలు మనకున్నాయి. ఆ నిజాన్ని దాచక్కర్లేదు. ఊరంతా పంచుకు తిన్న వేట ఒకటి, ఫోటో కోసం చేసిన వేట ఇంకొకటి. రెండింటినీ ఒకే గాటన కట్టడం చరిత్రకు న్యాయం కాదు.

నల్లమలలో ఇప్పుడు చెంచు యువకులు అటవీశాఖ బేస్ క్యాంపుల్లో కాపలాదారులుగా పని చేస్తున్నారు. పులి అడుగుజాడ గుర్తుపడుతున్నారు, కెమెరాలు కట్టే చెట్లు చూపిస్తున్నారు. మంచె కట్టే చెట్టును ఎంచిన చూపే ఈనాడు కెమెరా కట్టే చెట్టును ఎంచుతోంది. తెలివి పాతదే, పని కొత్తది. కానీ ఆ పనికి తగిన జీతం, ఉద్యోగ భద్రత, లెక్కల్లో పేరు ఉంటేనే అది గౌరవం. లేకపోతే ఇదీ ఇంకొక రకం భుజమే అవుతుంది.

తోటి ఉపాధ్యాయులకు ఒక మాట. సాంఘికశాస్త్రం పాఠంలో వైస్రాయ్‌ల పేర్లు వచ్చినప్పుడు, ఊళ్లో పెద్దవాళ్లను బడికి పిలవండి. మంచె ఎలా కట్టేవారో, ముడి ఎలా వేసేవారో, హాకాకు ఎవరు పిలిచేవారో, కూలి ఏమిచ్చేవారో పిల్లల చేత అడిగించండి. కోయ, గోండి, కొలామి, కువి, ఏ భాషలో చెబితే ఆ మాటనే తెలుగు లిపిలో రాయించండి. చెప్పిన తాత పేరు, అవ్వ పేరు, ఊరి పేరు, తేదీ పైన రాయించండి. ఫోటోల కింద లేని పేర్లు మన పిల్లల నోటుపుస్తకాల్లోనైనా ఉండాలి.