పని మధ్యలో వర్కర్ ఆగిపోతే: సైడ్‌కిక్ పరిణామంపై ఒక పరిశీలన

ఆర్డరు పెట్టగానే కొనుగోలుదారుకు రసీదు మెయిలు వెళ్లాలి. అది వెళ్లేదాకా ఆయన్ను తెర ముందు కూర్చోబెట్టకుండా, ఆ పనిని క్యూలో వేసి వెనక నడిచే వర్కర్‌కు అప్పగిస్తారు. రూబీ భాషలో ఇందుకు బాగా వాడుకలో ఉన్న ఓపెన్‌సోర్స్ లైబ్రరీ సైడ్‌కిక్. మైక్ పెర్హామ్ దాన్ని 2012లో విడుదల చేశారు. దాని చరిత్రను వేగం కథగా చెప్పుకోవడం అలవాటైంది. కానీ కోడ్‌లోని డిఫాల్ట్ విలువలను, వెర్షన్ల మార్పులను చూస్తే వేగం కన్నా లోతైన ప్రశ్న ఒకటి కనిపిస్తుంది. పని సగంలో ఉండగా వర్కర్ ఆగిపోతే, ఆ పని ఎవరి చేతిలో ఉన్నట్టు?

సైడ్‌కిక్‌కు ముందు రెండు లైబ్రరీలున్నాయి. షాపిఫై నుంచి టోబియాస్ లూట్కె బయటికి తెచ్చిన డిలేయ్డ్ జాబ్ పనులను డేటాబేస్ టేబుల్‌లోనే ఉంచేది. వర్కర్ వచ్చి వరుస మీద తన పేరు, సమయం రాసి పని మొదలుపెట్టేది. క్యూ పెరిగి వర్కర్లు ఎక్కువైతే వరుసల కోసం పోటీ, డేటాబేస్ మీద భారం తప్పేవి కావు. 2009లో గిట్‌హబ్ తెచ్చిన రెస్క్ క్యూను, మెమరీలో డేటా ఉంచే రెడిస్‌కు మార్చింది. ప్రతి పనికీ కొత్త చైల్డ్ ప్రాసెస్ పుట్టించేది కాబట్టి, పని అయ్యాక మెమరీ లీకులు దానితోనే పోయేవి. ఒకేసారి పాతిక పనులు నడవాలంటే మాత్రం పాతిక వర్కర్లు, వాటన్నిటికీ సరిపడా మెమరీ కావాలి. సైడ్‌కిక్ రెస్క్ సందేశాల ఆకృతినే ఉంచుకుని, ప్రాసెస్‌ల స్థానంలో థ్రెడ్‌లు పెట్టింది.

వేగం లెక్కలను కాస్త జాగ్రత్తగా చదవాలి. సైడ్‌కిక్ ప్రాజెక్టు తానే ప్రకటించిన పట్టికలో లక్ష పనులకు డిలేయ్డ్ జాబ్ 465 సెకన్లు, రెస్క్ 420, సైడ్‌కిక్ 3.5.1 వెర్షన్ 125, 4.0 వెర్షన్ 22 సెకన్లు తీసుకున్నాయి. అవన్నీ లోపల ఏమీ చేయని ఖాళీ పనులు. రెస్క్‌కు పని ఒక్కింటికి సగటున 4 మిల్లీసెకన్లు పడ్డట్టు. మెయిలు సర్వర్ జవాబు కోసం 300 మిల్లీసెకన్లు ఆగే నిజమైన పనిలో ఆ 4 మిల్లీసెకన్ల వాటా ఒక శాతం పైచిలుకే. అందువల్ల చాలామందికి సైడ్‌కిక్ ఇచ్చిన అసలు లాభం మెమరీ ఆదా అయి ఉంటుందని నా అంచనా. రూబీ ప్రామాణిక రూపంలో ఒక ఉమ్మడి తాళం వల్ల ఒక సమయంలో ఒకే థ్రెడ్ రూబీ కోడ్‌ను నడపగలదు. నెట్‌వర్క్ కోసం ఆగినప్పుడు మాత్రం ఆ తాళాన్ని మరో థ్రెడ్‌కు వదులుతుంది. గట్టి లెక్కలు చేసే పనులకు థ్రెడ్‌లు పెంచితే ఒరిగేది తక్కువ. డిఫాల్ట్ థ్రెడ్‌ల సంఖ్య మొదట 25 ఉండగా 7.0 వెర్షన్‌కు 5కు దిగడాన్ని ఈ పరిమితితో కలిపి చదవవచ్చు. పట్టికలో నేను ఎక్కువ నమ్మేది 3.5.1కూ 4.0కూ మధ్య తేడాను. లైబ్రరీ అదే, అది ఆధారపడిన సెల్యులాయిడ్ అనే థ్రెడ్‌ల లైబ్రరీని తీసేసి థ్రెడ్‌లను నేరుగా రాసుకోవడమే ప్రధానమైన మార్పు.

వారసత్వం స్పష్టంగా కనిపించేది విఫలమైన పనిని మళ్లీ ప్రయత్నించే సూత్రంలో. డిలేయ్డ్ జాబ్ ప్రయత్నాల సంఖ్య నాలుగో ఘాతానికి 5 సెకన్లు కలిపి ఆగేది, పరిమితి 25. సైడ్‌కిక్‌లోనూ నాలుగో ఘాతమే, 25 ప్రయత్నాలే. దానికి 15 సెకన్లు, కొంత యాదృచ్ఛిక జాప్యం కలుస్తాయి. లెక్కవేస్తే మొదటి పది ప్రయత్నాలు నాలుగున్నర గంటల లోపే అయిపోతాయి, మొత్తం 25కూ ఇంచుమించు 20 రోజులు పడుతుంది. శుక్రవారం రాత్రి బయటపడ్డ లోపాన్ని సోమవారం సరిదిద్దినా పని బతికే ఉంటుంది. ఇంత ఆలోచన ఉన్న డిఫాల్ట్ విలువలు అరుదు.

అయితే ఈ రక్షణంతా పనిలో ఎర్రర్ వచ్చినప్పుడే. ఓపెన్‌సోర్స్ సైడ్‌కిక్ బీఆర్‌పాప్ ఆదేశంతో పనిని రెడిస్ నుంచి తీసుకుంటుంది. తీసిన క్షణమే అది క్యూలోంచి చెరిగిపోతుంది. మెమరీ నిండి ఆపరేటింగ్ సిస్టమ్ ప్రాసెస్‌ను హఠాత్తుగా చంపితే, చేతిలోని పనులు పోయినట్టే. మర్యాదగా ఆగమని సంకేతం వస్తే కథ తిరగబడుతుంది. గడువులోపు పూర్తికాని పనులను తిరిగి క్యూలో పెడుతుంది కనుక, సగం అయిన పని మొదటినుంచి మళ్లీ నడుస్తుంది. ఒకచోట రసీదు అసలు వెళ్లదు, ఇంకోచోట రెండుసార్లు వెళ్లవచ్చు. చేతిలోని పనికి రెడిస్‌లోనే విడి జాబితా ఉంచే సూపర్‌ఫెచ్ సదుపాయం డబ్బు కట్టే ప్రో వెర్షన్‌లో ఉంది. గిట్‌ల్యాబ్ ఇలాంటి భద్రత కోసం పనులను క్యూలోంచి తెచ్చే ఫెచర్‌ను విడిగా పెట్టుకుంది. ఈ లోటు ఊహాజనితం కాదనడానికి అదొక ఆధారం.

తర్వాత క్యూ డేటాబేస్ వైపు మళ్లింది. పోస్ట్‌గ్రెస్ 9.5లో 2016లో, మైఎస్‌క్యూఎల్ 8.0లో 2018లో స్కిప్ లాక్డ్ వచ్చింది. ఒక వర్కర్ పట్టుకున్న వరుస కోసం మరో వర్కర్ ఆగకుండా దాన్ని దాటి వెళ్లే వీలు కలిగింది. డిలేయ్డ్ జాబ్ కాలపు పోటీ చాలావరకు తగ్గింది. 2024లో వచ్చిన రూబీ వెబ్ ఫ్రేమ్‌వర్క్ రైల్స్ 8, కొత్త అప్లికేషన్లకు 37సిగ్నల్స్ సంస్థ రూపొందించిన, డేటాబేస్‌లోనే క్యూ నడిపే సాలిడ్ క్యూను డిఫాల్ట్ చేసింది. దీన్నిబట్టి రెడిస్ ఎంపిక పొరపాటని తేల్చలేం. 2009లో ఈ సదుపాయం ఆ డేటాబేస్‌లలో లేదు.

మొదటి ప్రశ్నకు సాలిడ్ క్యూ చెప్పే జవాబు వేరు. ప్రతి ప్రాసెస్ 60 సెకన్లకోసారి తాను ఉన్నట్టు డేటాబేస్‌లో నమోదు చేస్తుంది. ఐదు నిమిషాలు జాడ లేకపోతే చనిపోయినట్టు లెక్క. దాని చేతిలోని పనులు మాయం కావు, వాటంతటవే మళ్లీ నడవవు కూడా. విఫలమైనవిగా నమోదై ఉంటాయి. రసీదు వెళ్లిందో లేదో చూసి మళ్లీ నడపాలా వద్దా అన్నది ఆ అప్లికేషన్‌ను చూసుకునేవారు నిర్ణయించాలి.