వేతాళుడూ బహదూరూ ఎదురుపడితే?

మన ముంబై వలసల గురించీ మగ్గాల గురించీ చాలాసార్లు రాసుకున్నాం. ఈసారి బొమ్మల కథల చరిత్ర. చదివితే చివరికి ఇదీ మన కథే అని తెలుస్తుంది.

మనలో నలభై అయిదు దాటినవాళ్ళం చిన్నప్పుడు ఒక్కసారైనా వాదించుకునే ఉంటాం: ఫాంటమ్‌కీ సూపర్‌మ్యాన్‌కీ పోటీ పెడితే గెలిచేదెవరు? జవాబు తేలికే. సూపర్‌మ్యాన్ ఎగరగలడు, తూటా తగిలినా ఏమీ కాదు. ఫాంటమ్‌కు రెండు తుపాకులు, ఒక గుర్రం, ఒక తోడేలు తప్ప ఏమీ లేవు. పోటీ అనుకుంటే కథ రెండు నిమిషాల్లో అయిపోతుంది. అందుకే ఇలాంటి కలయికల్లో ఎవరు బలవంతుడు అన్నది అసలు ప్రశ్న కాదు.

ముందు పుట్టుకల సంగతి చూద్దాం. అమెరికాలో లీ ఫాక్ అనే రచయిత 1934లో మాండ్రేక్‌నూ, 1936 ఫిబ్రవరి 17న ఫాంటమ్‌నూ దినపత్రికల్లోకి తెచ్చాడు. ఒంటికి అతుక్కునే దుస్తులు, కనుపాపలు కనిపించని ముసుగు ఫాంటమ్‌తోనే వచ్చాయి. సూపర్‌మ్యాన్ వచ్చింది 1938లో. అతణ్ణి సృష్టించిన జెర్రీ సీగెల్, జో షుస్టర్ కూడా మొదట దినపత్రికల కోసమే ఏళ్ళ తరబడి తిరిగారు. ఎవరూ తీసుకోలేదు. చివరికి స్ట్రిప్ కోసం గీసిన బొమ్మలనే కత్తిరించి, పేజీలుగా అతికించి కామిక్ పుస్తకానికి ఇచ్చారు. హక్కులన్నీ 130 డాలర్లకు పోయాయి. పుస్తకం హిట్టయ్యాక, 1939 జనవరిలో అదే సూపర్‌మ్యాన్ దినపత్రికలోకీ వచ్చాడు. అంటే పత్రిక వీరులూ, సూపర్‌హీరోలూ వేరు వేరు వంశాలు కావు. ఒకే ఇంట్లోంచి విడిపోయిన అన్నదమ్ములు.

కాపురాలు వేరైనా పద్ధతులు తేడా. పత్రికలో వీరుడికి రోజుకు మూడు నాలుగు గళ్ళే. నిన్నటి పేపరు చూడనివాడికీ ఈరోజు కథ అర్థం కావాలి, రేపటికి కాస్త ఉత్కంఠ మిగలాలి. పుస్తకంలో హీరోకు పేజీలకు పేజీలు. భవనాలు కూల్చవచ్చు, గ్రహాలు దాటవచ్చు. ఇద్దరినీ కలపాలంటే ఎవరి పద్ధతికి ఎవరు తలవంచాలి?

జరిగిన కలయికలు చూడండి. 1976లో రెండు పోటీ కంపెనీలు చేతులు కలిపి సూపర్‌మ్యాన్‌నూ స్పైడర్‌మ్యాన్‌నూ ఒకే పుస్తకంలోకి తెచ్చాయి. వరస మనకు తెలిసిందే: ముందు అపార్థం, తర్వాత కొట్లాట, ఆపైన కలిసి విలన్ల పని పట్టడం. 1986లో ‘డిఫెండర్స్ ఆఫ్ ది ఎర్త్’ అనే కార్టూన్ సీరియల్‌లో ఫ్లాష్ గోర్డన్, ఫాంటమ్, మాండ్రేక్, లోథార్ ఒక జట్టయ్యారు. ఆదివారం పత్రికల అనుబంధంలో పుట్టిన విల్ ఐస్నర్ ‘స్పిరిట్’, బ్యాట్‌మ్యాన్‌తో కలిసి పనిచేశాడు.

మాకు వీటన్నిటికన్నా నచ్చింది 1977లో జరిగింది. నలభై ఏళ్ళ ప్రేమ తర్వాత ఫాంటమ్ డయానాను పెళ్ళాడాడు. ఆ పెళ్ళికి మాండ్రేక్, లోథార్ అతిథులుగా వచ్చారు. కొట్లాట లేదు, అపార్థం లేదు. పిలుపు అందింది, వచ్చారు, అంతే. ఇద్దరినీ రాసే చెయ్యి ఒకటే కాబట్టి అది అంత సహజంగా కుదిరింది.

ఇక మన ముంబైకి వద్దాం. టైమ్స్ గ్రూపు 1964లో ఇక్కడే ఇంద్రజాల్ కామిక్స్ మొదలుపెట్టింది. 1990 దాకా నడిచింది. ఫాంటమ్ ఉండే బెంగల్లా ‘డెంకాలీ’ అయింది. సింగ్ దొంగలు ‘సింగా’లయ్యారు. హిందీలో ఫాంటమ్ పేరు ‘వేతాళ్’. ఇంట్లో చందమామలో బేతాళ కథలు చదివే మన పిల్లలకు అదొక తమాషా. విక్రమార్కుడి భుజం మీది బేతాళుడు, గుర్రమెక్కిన ఈ వేతాళుడు ఒకే పేరుతో ఒకే ఇంట్లో ఉండేవాళ్ళు.

1976లో ఆబిద్ సుర్తీ ఈ ఇంద్రజాల్ కోసమే బహదూర్‌ను సృష్టించాడు. గోవింద్ బ్రాహ్మణియా బొమ్మలు వేశాడు. కాషాయ కుర్తా, జీన్స్, చంబల్ లోయ. బహదూర్ తండ్రి బందిపోటు, పోలీసు తూటాకు చనిపోయాడు. కొడుకు ప్రతీకారం వదిలేసి, బందిపోట్లకు ఎదురు నిలిచే దళం కట్టాడు.

ఇప్పుడు వీళ్ళిద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టి చూడండి. మొదటి ఫాంటమ్ తండ్రిని సముద్రపు దొంగలు చంపారు. కొడుకు పుర్రె మీద ప్రమాణం చేశాడు. అప్పటినుంచి తండ్రి ముసుగు కొడుక్కి, కొడుకు ముసుగు మనవడికి. మనం చదివినవాడు 21వవాడు. తండ్రి దారి తప్పకపోవడమే అతని గొప్ప. బహదూర్‌దో? తండ్రి దారి విడిచిపెట్టడమే అతని గొప్ప. కపాల గుహలో ఒక రాత్రి వీళ్ళు మాట్లాడుకుంటే, ‘మా నాన్న దొంగ’ అని బహదూర్ చెబితే, దొంగలను అంతం చేస్తామని తరతరాలుగా ఒట్టేసిన వంశంవాడు ఏమంటాడు? ‘నీకు ఈ ముసుగు వద్దనిపించలేదా ఎప్పుడూ?’ అని బహదూర్ తిరిగి అడిగితే? ఒక్క గుద్దు లేకుండా కథ నడుస్తుంది. ఎవరి కథలోనూ విడిగా రాని ప్రశ్న ఇద్దరూ కలిస్తేనే వచ్చింది. కలయిక పండడమంటే ఇదే.

ఈ ప్రశ్న మన ఇళ్ళకు కొత్తది కాదు. కామాఠీపురాలో ఇళ్ళు కట్టినవాళ్ళ, భివండీ, షోలాపూర్‌లలో మగ్గం నేసినవాళ్ళ మనవలం మనం. మగ్గం వదిలేశాం, మంచిదే. ఎండా వానా తాతలతో సరిపోయాయి. మరి భాష? ఇంట్లో తెలుగు, వీధిలో మరాఠీ, బడిలో హిందీ, ఇంగ్లీషు మాట్లాడే మన పిల్లలు తాతల నుంచి ఏది తలకెత్తుకోవాలి, ఏది దించేయాలి? వేతాళుడిలా అంతా మోయమనలేం. బహదూర్‌లా అంతా వదలమనీ చెప్పలేం. కూర్చోబెట్టి ఉపన్యాసమిస్తే వాళ్ళు వినరు. ఇద్దరు వీరుల మధ్య మాటలు తెలుగులో రాయమంటే మాత్రం వాళ్ళే తేల్చుకుంటారు.

అందుకే సభ్యులకు రెండు మనవులు. ఇంట్లో పాత ఇంద్రజాల్‌లు, చందమామలు ఉంటే రద్దీవాడికి వేయకండి. సంఘానికి ఇవ్వండి, అట్టలు వేయించి పిల్లలకు అందుబాటులో పెడదాం. ఉగాదికి పిల్లలకు ఎప్పుడూ పెట్టే బొమ్మల పోటీలో ఈసారి ‘ఇద్దరు వీరులు కలిస్తే’ అన్న అంశం పెడదాం. ఒక్కటే నిబంధన: కొట్లాట గళ్ళు ఎన్నయినా వేసుకోవచ్చు గానీ, ఒక గడిలోనైనా ఇద్దరూ తెలుగులో మాట్లాడుకోవాలి. మీ పిల్లలు ఎవరెవరిని కలుపుతారో అడిగి కింద రాయండి.